తొమ్మిదో వరస

మార్చి ఎండకి షెడ్డు రేకులు టప్పు టప్పుమంటున్నాయి.
గొర్రు కిందికి వెల్లకిలా దూరి
డిస్కుల్ని ఒక్కొక్కటే టేపు పెట్టి కొలుస్తున్నాను.
కొత్తలో పద్దెనిమిది అంగుళాలు.
ఇప్పుడు పదహారున్నర, పదహారుంపావు,
ట్రాక్టరు చక్రాల వెనక నడిచినవైతే
పదహారుకి కూడా తక్కువ.
రెండే రెండు విత్తనకాలాల్లో
లామెరూ ఇసుక ఇంత ఇనుము తిన్నది.
ఆకలి తీరినట్టు మాత్రం లేదు.

దున్నడం మానేసి పదకొండేళ్ళు.
పాత కొయ్యకాలు నేల మీదే ఉంటుంది,
దాన్ని కోసుకుంటూ పోవాలి గొర్రు.
అరిగిన డిస్కు గడ్డిని కొయ్యదు,
మడతపెట్టి సాల్లోకి తోస్తుంది.
ఆ గడ్డి పరుపు మీద పడుకున్న గోధుమ గింజ
మట్టి తగలక, తడి అందక,
కళ్ళు తెరిచిన రోజే ఎండిపోతుంది.
పోయినేడు పడమటి చేను
పళ్ళూడిన దువ్వెనలా లేచింది.
విత్తనాన్ని తిట్టాను. వానని తిట్టాను.
డిస్కుని తిట్టాలని జూన్ దాకా తోచలేదు.

కంచె అవతల నుంచి క్లారీ ష్మిట్కే సలహా:
"గట్టివి కొనుక్కో హెడ్విగ్,
ఆకురాయి పెడితే జర్రున జారిపోవాలి."
తనూ గట్టివే కొన్నాడు.
ఇసుక వాటినేమీ చెయ్యలేకపోయింది.
పల్లంలో సున్నపురాయి తగిలిన పూట
బిస్కెట్టు కొరికినట్టు అంచులు లేచిపోయాయి.
మెత్తవైతే రాయి దగ్గర కాస్త వంగి బతుకుతాయి,
ఇసుకలో సబ్బుబిళ్ళలా కరిగిపోతాయి.
నాకేమో దిబ్బ మీద ఇసుక, పల్లంలో రాయి,
మధ్యన నలభై గజాలైనా లేదు.

డెస్మండ్ ట్రెలోర్ కౌంటరు మీద మూడు రకాలు పరిచాడు.
నాలుగు మిల్లీమీటర్లది, అయిదుది,
బోరాన్ కలిపిన ఉక్కంటూ నల్లరంగు వేసిందొకటి.
వేలికి తగిలించి పానాతో కొట్టి విన్నాను.
నల్లది గుడిగంట కాదుగానీ, గిన్నె కంటే నయం.
"ఎన్ని హెక్టార్లు వస్తుంది?"
"నేలని బట్టి," అన్నాడు.
ధర మాత్రం నేలని బట్టి లేదు.

అప్పుడు సంచీలోంచి తీసి చూపించాను,
తొమ్మిదో వరస, కుడివైపుది.
పదిహేడుంపావు.
నమ్మక మూడుసార్లు కొలిచిన డిస్కు.
మిగతా నలభై ఏడింటితో పాటే నడిచింది,
అదే ఇసుక, అదే రాయి, అదే నా తొందర.
ఎప్పుడు బిగించామో, ఎవరి దగ్గర కొన్నామో
పాత బిల్లుల డబ్బా బోర్లించినా దొరకలేదు.
డెస్మండ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
చొక్కా చెంగుతో తుడిచి వెలుగుకి తిప్పాడు.
కంపెనీ ముద్ర ఉండాల్సిన చోట నున్నటి మచ్చ.
పేరు అరిగింది. పదును మిగిలింది.
"ఇలాంటివి నలభై ఏడు కావాలి," అన్నాను.
అతను నవ్వలేదు.
"దొరికితే నాకూ చెప్పు," అన్నాడు.

చివరికి నల్లవే తెచ్చాను,
చక్రాల వెనక వరసలకి మాత్రం అయిదు మిల్లీమీటర్లవి.
మేలైనవని కాదు.
వంద హెక్టార్ల తర్వాత కొలిచి చెప్తే
పగిలినవాటికి బదులిస్తానని రాసిచ్చాడు,
అందుకు.

తొమ్మిదో వరసకి కొత్తది పెట్టలేదు.
పద్దెనిమిది పక్కన పదిహేడుంపావు నిలవదు;
జతవి రెండూ ముందంచున ఒరుసుకోవాలి,
సందుంటే మట్టి దూరుతుంది.
పీకేసిన కుప్పలో వెతికి వెతికి
దానికి దగ్గర్లో ఉన్న ముసలిదాన్ని పట్టుకొచ్చాను.
ఒక వాషరు తీసేసి దగ్గరికి జరిపి
సందు చూడ్డానికి కాగితం కోసం జేబు తడిమితే
డెస్మండ్ విజిటింగ్ కార్డు తగిలింది.
దూర్చాను. బిగుసుకుంది.
ఫోన్ నంబరు మీదుగా సన్నటి గీత పడింది.

వాన పడితే ఏప్రిల్ ఆఖర్లో విత్తుతాం.
ఆ సాల్లో మొలకలు
విడిగా లెక్కపెట్టుకుంటాను.